నా పేరు మీద ఒక పేజీ

పోయిన ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆఫీసు కాంటీన్‌లో ఒక నవల మీద వాదన జరిగింది. ఏ నవల అన్నది ఇక్కడ అనవసరం. "దీని గురించి నేనెప్పుడో రాశాను, ఆగు, చూపిస్తా" అని ఫోన్ తీశాను. ఎనిమిదేళ్ళ కిందట ఒక వెబ్ పత్రికలో వచ్చిన నా సమీక్ష అది. అడ్రసు కొట్టగానే ఆకుపచ్చ బల్ల, దాని మీద పదమూడు పేకముక్కలు, "ఇప్పుడే చేరండి" అని మెరిసే బటన్. రమ్మీ సైటు. మా కొలీగ్ మర్యాదస్తుడు. నవ్వలేదు. "బాగా రాశావు" అన్నాడంతే.

ఏం జరిగిందో అర్థం కావడానికి అట్టే సేపు పట్టలేదు. ఆ పత్రికను ముగ్గురు స్నేహితులు నడిపేవాళ్ళు. ముగ్గురికీ ఉద్యోగాలు, పిల్లలు, ఈఎంఐలు. ఏటా ఎవరో ఒకరు డొమైన్ రెన్యూ చేసేవారు. ఒక ఏడాది ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది తేలలేదు. గడువు దాటిన పేరు వేలానికి వెళ్ళింది, పేకాటవాళ్ళు కొనుక్కున్నారు. పాత లింకుల వల్ల గూగుల్‌లో ఆ పేరుకి కాస్త పరపతి ఉంటుంది కదా, వాళ్ళకి కావాల్సింది అదే. పత్రిక నడిపినవాళ్ళను నేనేమీ అనను. సొంత డబ్బుతో, సొంత ఆదివారాలతో నడిపారు. నన్ను మాత్రం అనుకోవాలి. అందులో నేను రాసినవి పద్నాలుగు వ్యాసాలు. లేఖినిలో టైపు చేయడం, తీసుకెళ్ళి వాళ్ళ అడ్మిన్ పెట్టెలో అతికించడం, పబ్లిష్ నొక్కడం. నా దగ్గర కాపీ? లేదు. నెట్‌లో ఉందిగా అనుకునేవాణ్ణి. బ్యాకప్‌ల గురించి ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి క్లాసు తీసుకునేది కూడా నేనే.

నా పని సంగతి కూడా చెప్పాలి. మైండ్‌స్పేస్‌లో ఒక టవర్లో, ఏడో అంతస్తులో కూచుంటాను. మా టీమ్ చూసుకునే సర్వీసుకి సెకనుకి వేలల్లో రిక్వెస్టులు వస్తాయి. రాత్రి రెండింటికి అది అరసెకను నెమ్మదిస్తే నా ఫోన్ మోగుతుంది. పదకొండేళ్ళుగా ఇదే బతుకు. అయినా ఇంటర్నెట్‌లో నా పేరు మీద ఒక్క పేజీ లేదు. మేస్త్రీలకి సొంతిల్లు ఉండదని మా ఊళ్ళో అంటారు, ఆ లెక్క.

సరిగ్గా ఆ వారమే పెదనాన్న ఖమ్మం నుంచి కంటి ఆపరేషన్‌కి వచ్చాడు. కొత్తగూడలో మా ఫ్లాట్‌లో మూడు వారాలున్నాడు. ఆయన 1974 నుంచి ఇరవయ్యేళ్ళకు పైగా ఖమ్మంలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, స్టిక్‌లో పేర్చి, పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి ఎలక్షన్ కరపత్రాల దాకా కట్టినవాడు. డీటీపీ వచ్చాక ప్రెస్సు మారిపోయింది, ఆయన ప్రూఫులు దిద్దుకునే పనిలోకి మారాడు. సంచిలో చుక్కల మందు, నల్లద్దాలతో పాటు ఒక బైండు పుస్తకం కూడా తెచ్చుకున్నాడు. తను కంపోజ్ చేసిన ఒక చిన్న పత్రిక, 1979 నాటి సంచికలు. కాగితం పసుపు పచ్చబడింది, అంచులు రాలుతున్నాయి, అక్షరం మాత్రం పదిలంగా ఉంది. ఆపరేషన్ అయ్యాక కన్ను ఎలా ఉందో పరీక్షించుకోడానికట.

రమ్మీ సైటు కథ చెప్తే నవ్వాడు.

"మరి మీ దాంట్లో రాసింది ఎక్కడుంటదిరా?"

"ఎక్కడో ఒక కంప్యూటర్లో పెదనాన్నా."

"ఎవరిది?"

"అద్దెకు తీసుకున్నది."

"అద్దె కట్టకపోతే?"

"ఇట్లా పేకాట క్లబ్బు అయిద్ది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీదొకటి పెట్టుకో మరి. ఎంతవుద్ది?" అన్నాడు. నాకు జవాబు తెలీదు. నిజంగా తెలీదు. మా కంపెనీ క్లౌడ్ బిల్లు నెలకెంతో చెప్పగలను, ఒక మనిషికి ఒక పేజీ ఎంతవుతుందో ఎప్పుడూ లెక్కేసుకోలేదు.

*

మొదటి రెండు శనివారాలు వృథా చేశాను. మా వృత్తికి ఒక జబ్బుంది, పనికి ముందు పనిముట్టు ఎంచుకోవడం. హ్యూగోనా, జెకిలా, ఆస్ట్రోనా? వర్డ్‌ప్రెస్ పెడితే అప్‌డేట్లు ఎవరు చూస్తారు? ఒక స్ప్రెడ్‌షీట్ తయారైంది, తొమ్మిది నిలువు వరసలతో. థీములు నలభై దాకా చూశాను. రెండో శనివారం రాత్రికి నా దగ్గర లేనిది ఒక్కటే, రాసిన పేజీ. నల్లద్దాల వెనక నుంచి పెదనాన్న "అయ్యిందా?" అని అడిగితే సిగ్గేసి, అన్నీ మూసేసి నోట్‌ప్యాడ్ తెరిచాను.

మొదలుపెట్టేవాళ్ళకి నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఇదే. వెబ్‌పేజీ అంటే ఒక టెక్స్ట్ ఫైలు. శీర్షిక ఇది, పేరా ఇది, లింకు ఇది అని చెప్పే గుర్తులు మధ్యమధ్యన ఉంటాయి. ఆ గుర్తుల్లో నాకు పనికొచ్చినవి పది లోపే. 1991లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్‌ని సెర్న్ వాళ్ళు 2013లో మళ్ళీ పాత అడ్రసులోనే నిలబెట్టారు. ఇవాళ్టి ఫోన్‌లో అది శుభ్రంగా తెరుచుకుంటుంది. నాలుగేళ్ళ కిందట నేను సరదాకి ఒక ఫ్రేమ్‌వర్క్‌లో కట్టిన ప్రాజెక్టు మాత్రం ఇప్పుడు బిల్డ్ కూడా కాదు. ఇది చూశాక కూడా నేను స్ప్రెడ్‌షీట్ నింపుతున్నానంటే చూడండి.

గంటలో ఒక పేజీ అయింది. పేరు, రెండు వాక్యాల పరిచయం, ఒక చిన్న వ్యాసం. లాప్‌టాప్‌లో బాగుంది. పెదనాన్న ఫోన్‌లో చూపిద్దామని, పైథాన్‌లో ఒక్క లైను కమాండ్‌తో లాప్‌టాప్‌నే చిన్న సర్వర్‌గా మార్చి, ఇంట్లో వైఫై మీద తెరిచాను. తెలుగు బదులు తల మీద గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', పక్కన డిగ్రీ సున్నా, మళ్ళీ గీత 'ఎ', మళ్ళీ ఏదో. పేజీ నిండా అదే. పెదనాన్న ఒంటి కన్నుతో చూసి, "టైపు కేసు కింద పడేశావురా" అన్నాడు.

సరిగ్గా అదే జరిగింది. యూనికోడ్‌లో తెలుగు లిపికి 128 గళ్ళు కేటాయించారు. అందులో ఒక్కో గుర్తుని యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైల్లో రాస్తే మూడు బైట్లు పడుతుంది. ఇది యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కి ఎవరూ చెప్పకపోతే అది మూడు బైట్లనీ మూడు పాశ్చాత్య అక్షరాలనుకుని విడివిడిగా చదువుతుంది. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, అందుకే పేజీ అంతా ఆ గీత 'ఎ'. లాప్‌టాప్‌లో ఫైలు నేరుగా తెరిచినప్పుడు బ్రౌజర్ తనంతట తనే ఊహించుకుంది, సర్వర్ నుంచి వచ్చినప్పుడు ఊహించుకోలేదు. మందు ఒకే ఒక్క లైను, పేజీ నెత్తిన 'మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8' అని. ఇంగ్లిష్‌లో పేజీ కట్టేవాళ్ళు ఆ లైను మర్చిపోయినా చాలాసార్లు బయటపడరు. మనం వెంటనే దొరికిపోతాం.

ఆ సాయంత్రం పెదనాన్నతో మాట్లాడుతుంటే, నేను చాలాకాలంగా తెలుసనుకున్న విషయం ఒకటి నిజంగా తెలిసింది. ఆయన కేసులో తలకట్లు, గుడులు కలిసిపోయిన అక్షరాలు వేరు, ఒత్తులు వేరు. ఏ గడిలో ఏ ముక్క ఉందో చేతికి తెలియాలి, అంతే. తర్వాత వచ్చిన డీటీపీ ఫాంట్లు కూడా అదే దారిలో నడిచాయి. ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలు కూచోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. ఆ ఫాంటు ఉంటే తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే మిగిలేది గజిబిజే. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో పాతికేళ్ళ తెలుగు ప్రచురణ అలాగే నడిచింది. తొలినాటి ఈనాడు వెబ్‌సైట్ కూడా సొంత ఫాంటుతో అలాగే ఉండేది, వెతికితే దొరికేది కాదు. ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని యూనికోడ్‌లోకి మార్చుకుని చదివిన రోజులు కొందరికైనా గుర్తుండాలి.

యూనికోడ్ అలా కాదు. 'క్ష' అంటే ఫైల్లో ఉండేది క, ఒక పొల్లు, ష. మూడింటినీ కలిపి ఏ ఆకారం వేయాలన్నది ఫాంటు చూసుకుంటుంది. "అంటే ముక్కలు పేర్చే మనిషి ఫాంటులోనే కూచున్నాడన్నమాట" అన్నాడు పెదనాన్న. అవును. ఆ మనిషి కూడా అప్పుడప్పుడు తడబడతాడు. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి గుర్తుందా? ఆపిల్ హడావిడిగా అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. ఆ వారం మా ఆఫీసులో ఐఫోన్ ఉన్నవాళ్ళందరూ తెలుగువాళ్ళ మెసేజ్‌లంటే భయపడ్డారు. తెలుగు సాహిత్యం వల్ల అంత అలజడి ఈ మధ్య కాలంలో నేను చూడలేదు.

చార్‌సెట్ సరిచేశాక అక్షరాలు వచ్చాయి, కానీ చీమల్లా. పేజీ ఫోన్ వెడల్పుకి తగ్గట్టు అమరాలని చెప్పే 'వ్యూపోర్ట్' లైను నేను పెట్టలేదు. ఆ లైను లేకపోతే ఫోన్ మన పేజీని కంప్యూటర్ కోసం కట్టిన పెద్ద పేజీ అనుకుని, మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయి పది రోజులైన మనిషి చేతిలో అది పెట్టాను. ఆయన ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చేశాడు. ఆ లైను పెట్టాను, అక్షరం సైజు పెంచాను. అప్పుడు ఇంకో మాటన్నాడు. "లైన్ల మధ్య లెడ్డు వెయ్యరా. పై లైను ఒత్తులూ కింద లైను గుడులూ కొట్టుకుంటన్నయి." మేము లైన్-హైట్ అనేది ఆయన వరసల మధ్య పెట్టిన సీసపు బద్దీ. ఇంగ్లిష్‌కి సరిపోయే ఒకటిన్నర మనకి చాలదు, ఒకటీ పాయింట్ ఎనిమిదికి వెళ్ళాక ఒప్పుకున్నాడు. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, పెద్దన, సూరన్న, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, అందరూ ఉన్నారు. వ్యాసానికి మండలి, శీర్షికకి రామభద్ర పెట్టాం. ఒత్తుల కలయికలన్నీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైళ్ళు బరువు. నాలుగైదు ఫాంట్లు పెట్టుకుంటే పల్లెలో సిగ్నల్ సరిగా లేని ఫోన్‌లో పేజీ తెరుచుకోదు. రెండు చాలు.

*

ఇక పేరు. ఇల్లు అద్దెది కావచ్చు, బోర్డు మాత్రం మనది కావాలి అన్నది నేను చేరుకున్న అభిప్రాయం. పేజీలు ఉంచుకోడానికి చోటు ఉచితంగా దొరుకుతుంది. నేను వాడింది గిట్‌హబ్ పేజెస్, 2008 నుంచి ఉంది. అలాంటివి ఇంకా ఉన్నాయి. రేపు వాళ్ళు మూసేసినా, డబ్బులడిగినా, ఫైళ్ళు పట్టుకుని ఇంకో చోటికి పోవచ్చు. పేరు మనదైతే చదివేవాడికి ఆ మార్పు తెలియను కూడా తెలియదు. వాళ్ళ పేరు తోకగా ఉన్న అడ్రసుతో సరిపెట్టుకుంటే మాత్రం వాళ్ళతోనే మునుగుతాం. నేను డాట్ ఇన్ పేరు తీసుకున్నాను. ఏడాదికి ఎనిమిది వందల లోపే పడింది. పెదనాన్న అడిగిన "ఎంతవుద్ది"కి జవాబు అదే, మొత్తం ఖర్చు అంతే. తెలుగు లిపిలోనే పేరు పెట్టుకుని చివర 'భారత్' అని తెలుగులో తగిలించుకునే వీలు కూడా ఉంది. సరదాపడ్డాను కానీ, కొన్ని చోట్ల అతికిస్తే ఆ పేరు ఇంగ్లిష్ అక్షరాల సంకేతంగా మారిపోతుంది. చదివేవాళ్ళు వైరస్ లింకనుకుంటారని మానేశాను. అదే కారణంతో ఫైళ్ళ పేర్లు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టాను. తెలుగులో పెట్టినవి వాట్సాప్‌లోకి వెళ్ళేసరికి శాతం గుర్తుల దండ అవుతున్నాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను, ముఖ్యంగా మన కారిడార్ జనానికి. డొమైన్‌ని ఆఫీసు మెయిల్ ఐడీతో రిజిస్టర్ చేయకండి. రెండేళ్ళకో కంపెనీ మారతాం. రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ మీరు లేని ఇన్‌బాక్స్‌కి వెళ్తుంది. ఆటో-రెన్యూ పెట్టి కార్డు గడువు మర్చిపోయినా అంతే సంగతులు. రమ్మీవాళ్ళు కాచుకునే ఉంటారు.

పేరు కొన్నాక దాన్ని చోటుతో కలపాలి, అదే డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ ఈ పద్ధతి రాయకముందు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి, దాన్ని అందరూ కాపీ చేసుకునేవారు. ఇప్పుడు అడుగుతూ పోవడమే. డెలివరీ అబ్బాయి మా వీధి మొదట్లో కిరాణా కొట్టులో అడుగుతాడు చూడండి, అలా. కొట్టాయనకి తెలిస్తే చెప్తాడు, తెలియకపోతే వాచ్‌మన్ని అడగమంటాడు. ఒకసారి తెలుసుకున్నాక కొన్నాళ్ళు ఆ జవాబే చెప్తుంటాడు. మనం ఇల్లు మారినా సరే. కొత్త సైటు నా ఫోన్‌లో తెరుచుకుని, పక్కనే ఉన్న పెదనాన్న ఫోన్‌లో గంట దాకా తెరుచుకోకపోవడానికి కారణం అదే, ఇద్దరివీ వేర్వేరు నెట్‌వర్క్‌లు. ఆ గంటలో నేను సెట్టింగులు మూడుసార్లు మార్చి ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టాను. చేయాల్సిందల్లా టీ తాగుతూ కూచోవడం.

తెరుచుకున్నాక వచ్చింది నా పేజీ కాదు, 404. నేను ఫైలుకి పెట్టిన పేరు 'ఇండెక్స్'లో మొదటి అక్షరం పెద్దబడి. విండోస్‌కి పెద్దబడి చిన్నబడి ఒకటే, సర్వర్‌కి కాదు. పదకొండేళ్ళ అనుభవం. తాళం గుర్తు, అంటే హెచ్‌టీటీపీఎస్, దానంతటదే వచ్చింది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టకముందు దానికి విడిగా డబ్బు కట్టేవాళ్ళం. అది లేని సైట్లని 2018 నుంచి క్రోమ్ 'సురక్షితం కాదు' అని చూపిస్తోంది.

నేనేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నాను కానీ, మా ఆఫీసుకి కూతవేటు దూరంలో సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు 'ఈమాట' మొదలుపెట్టారు. అప్పటికి యూనికోడ్ తెలుగు ఎవరి కంప్యూటర్లోనూ సరిగా పనిచేసేది కాదు. అంతకుముందే ఆర్‌టీఎస్ అని, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకునే పద్ధతి తయారుచేసుకుని న్యూస్‌గ్రూపుల్లో పద్యాల మీద పోట్లాడుకున్నారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసిచ్చారు. వాడపల్లి శేషతల్పశాయి, కాళేపు నాగభూషణరావు గార్ల ఆంధ్రభారతిలో ఇవాళ్టికీ నిఘంటువులు వెతుక్కుంటున్నాం. 2006 ప్రాంతంలో వీవెన్ గారి లేఖిని, కూడలి వచ్చాకే నాలాంటివాళ్ళు తెలుగులో టైపు చేశారు, తెలుగు బ్లాగులు చదివారు. ఇంకోవైపు జియోసిటీస్ ఉంది. లక్షలమంది తొలి సొంత పేజీలు పెట్టుకున్న చోటు. 2009 అక్టోబరులో యాహూ దాన్ని మూసేసింది. కొందరు ఔత్సాహికులు పూనుకుని దించుకున్నంత మేరకే మిగిలింది. నిలబడినవాటినీ పోయినవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే టెక్నాలజీలో తేడా ఏమీ కనిపించదు. ఒక చోట ఎవరో ఒక మనిషి ఏటా గుర్తుపెట్టుకుని డబ్బు కట్టాడు, ఫైళ్ళు ఇంకో చోట దాచాడు. ఇంకో చోట ఆ మనిషి లేడు.

*

ఇల్లు సరే, సామాను? పద్నాలుగు వ్యాసాల కోసం వేట మొదలైంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత పత్రిక అడ్రసు కొడితే ఐదు దొరికాయి. దేవుడి దయ. అందులో ఒకటి సగమే. ముందే చదివి చెప్పమని స్నేహితుడికి పంపిన మెయిళ్ళలో రెండు. మిగతావి లేవు. ఏమేం రాశానో కూడా గుర్తులేదు, గుర్తున్నవి ఇప్పుడు మళ్ళీ రాయలేను. ఇరవై ఆరేళ్ళప్పటి నమ్మకం ముప్పై నాలుగేళ్ళకి రాదు.

పెదనాన్న ఖమ్మం వెళ్ళిపోయే ముందు రోజు రాత్రి, "ఒకటి నా దగ్గరుంది" అన్నాడు. ఆ 1979 బైండు వెనకట్ట లోపల నాలుగు మడతలేసిన కాగితాలు. ఖమ్మంలో ఏదో నెట్ సెంటర్లో తీయించిన ప్రింటు. తెలుగు ఫాంటు సరిగా పడక అక్కడక్కడా గళ్ళు వచ్చాయి. వాటిల్లో ఆయనే పెన్నుతో అక్షరాలు రాసుకున్నాడు. అంచుల్లో ప్రూఫు గుర్తులు, ఎర్ర సిరాతో. నా సమీక్షలో తప్పులు ఏడు.

అది ఖమ్మం నుంచి ఒక రిటైర్డ్ లెక్చరరు గారు సొంతంగా వేసుకున్న వ్యాసాల పుస్తకం మీద రాసింది. పుస్తకం పేరు చెప్పను. సమీక్ష మూడో పేరా చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఒత్తులు లేని మాటల జాబితా ఇచ్చి, ప్రూఫులు దిద్దిన మహానుభావుడు కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చాడేమో అని రాశాను. ఆ రోజుల్లో ఆ వాక్యానికి కామెంట్లలో చాలా నవ్వులొచ్చినట్టు గుర్తు.

"ఆ ప్రూఫులు నేనే దిద్దిన" అన్నాడు పెదనాన్న. మామూలుగానే అన్నాడు.

నేను ఏం మాట్లాడాలో తెలియక కాగితాలు మడతపెడుతూ కూచున్నాను. ఆయనే చెప్పాడు. ప్రూఫులో అన్నీ సరిగానే ఉన్నాయట. ఆఖరి నిమిషంలో ప్రెస్సువాళ్ళు ఆ ఫైలుని ఒక ఫాంటు నుంచి ఇంకో ఫాంటుకి మార్చారు. ముక్కల గళ్ళు రెండిట్లోనూ ఒకచోట లేవు. కొన్ని ఒత్తులు లేచిపోయాయి. "ఎవరికి చెప్తం. పుస్తకం మీద పేరు ఉండేది రాసినాయనది, తిట్లు పడేది దిద్దినోడికి."

చార్‌సెట్ తప్పితే పేజీ ఎలా చెదిరిపోతుందో రెండు వారాల కిందట ఆయనకి నేనే వివరంగా చెప్పాను. అదంతా ఓపిగ్గా విన్నాడు. సమీక్ష రాసిన రోజున నేను అప్పటికే మూడేళ్ళ అనుభవమున్న ఇంజనీరుని. ఒక పుస్తకం నిండా ఒకే రకం ఒత్తులు పోయాయంటే అది మనిషి కన్ను చేసిన తప్పు కాదు, యంత్రం చేసింది అని తట్టాల్సింది నాకే. మనిషి అలా వరసగా తప్పడు. తట్టలేదు, ఎందుకంటే వెటకారం బాగా కుదిరింది.

దాన్ని సైటులో పెట్టాలా వద్దా అన్నది నాకు డీఎన్ఎస్ కంటే ఎక్కువ తలనొప్పి అయింది. అసలు పత్రిక లేదు, ఆర్కైవ్‌లో లేదు. లోకంలో ఉన్న కాపీ ఈ నాలుగు కాగితాలే. వదిలేస్తే ఎవరికీ తెలియదు. మూడో పేరా తీసేసి పెట్టినా తెలియదు. సొంత సైటులో ఎడిటర్ ఉండడు, అదొక ఇబ్బంది. పెదనాన్నని అడిగితే, "నీ ఇష్టం. ఆ ఏడూ మాత్రం దిద్ది పెట్టు" అన్నాడు.

మొత్తం మళ్ళీ టైపు చేశాను. ఏడు తప్పులూ దిద్దాను. మూడో పేరా ఉంచాను, పాత తేదీ కూడా ఉంచాను. కింద ఒక పేరా కొత్తగా చేర్చాను, ఇవాళ్టి తేదీతో. ఆ పుస్తకంలో ఒత్తులు ఎలా పోయాయో, నేను ఎందుకు పొరబడ్డానో. పేరు రాయలేదు, ఆయన వద్దన్నాడు. లెక్చరరు గారు ఇప్పుడు లేరు. ఆయనకి ఈ సంగతి చెప్పే అవకాశం నాకిక లేదు.

మొత్తం ఎనిమిది వ్యాసాలు ఇప్పుడు ఆ సైటులో ఉన్నాయి. కామెంట్ల పెట్టె లేదు, లెక్కలు చూపించే కౌంటర్ లేదు. ఫైళ్ళు లాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. వేబ్యాక్ మెషీన్‌లో 'ఈ పేజీని దాచు' అనే బటన్ ఉంటుంది, అది కూడా నొక్కాను. ప్రతి వ్యాసం ఒక ప్రింటు తీసి పెదనాన్నకి పోస్టులో పంపాను. నా కొలీగ్‌కి చెప్తే కాగితం బ్యాకప్పా అని నవ్వాడు. ఇప్పటిదాకా నా దగ్గర పనిచేసిన బ్యాకప్ అదొక్కటే మరి.

ఆయన ఊరెళ్ళిన నాలుగు రోజులకి ఫోన్ చేశాడు. స్టాండప్ మీటింగ్ మధ్యలో. బయటికొచ్చి ఎత్తాను.

"తెరుచుకుందిరా. పెద్దగా, మంచిగా కనబడతంది."

"కన్నెట్లుంది?"

"కన్ను బాగుంది గానీ, నువ్వు కింద కొత్తగా రాసినవు చూడు, దాంట్లో రెండో లైన్ల 'ముద్రణ' అన్నకాడ రావత్తు లేదు."

చూశాను. లేదు. ఈసారి ఫాంటు మీద తోసే వీల్లేదు, నేనే. అక్కడే నిలబడి ఫోన్‌లోంచే ఫైలు తెరిచి, రావత్తు పెట్టి, సేవ్ చేశాను.

"దిద్దిన, చూడు."

"ఇంకా అట్లనే ఉంది."

"పాతదే దాచిపెట్టుకుని చూపిస్తంది పెదనాన్నా. పది నిమిషాలాగి మళ్ళీ చూడు."

"సరే, చూసి చేస్తా" అని పెట్టేశాడు.